రైలు కప్లర్ లాక్‌ను మెరుగుపరచడం ఎలా

రెండు వ్యాగన్లను కలిపి పట్టే కప్లర్‌లో లాక్ అనేది ఓ ఉక్కు దిమ్మ. నడుస్తున్న గూడ్సు బండి మధ్యలో విడిపోతే అందరూ ముందు దాన్నే అనుమానిస్తారు. లాక్ ఊడింది కాబట్టి ఇంకా మందంగా, ఇంకా గట్టి ఉక్కుతో చేద్దాం అంటారు. కానీ చాలా సందర్భాల్లో లాక్ విరిగి ఉండదు, కనీసం వంగి కూడా ఉండదు. పైకి లేచి ఉంటుంది, లేదా అసలు పూర్తిగా కిందికి దిగి ఉండదు. అందుకే లాక్‌ను మెరుగుపరచాలంటే దాని బలం కంటే ముందు దాని స్థానం గురించి ఆలోచించాలి. దాని మీద అనవసరంగా పడే బరువు తీసెయ్యాలి, కుదుపులకు లేవకుండా చూడాలి, అది ఎక్కడుందో బయటి నుంచి కనిపించేలా చెయ్యాలి.

ఈ వ్యాసం వర్క్‌షాప్‌లో పనిచేసేవాళ్ళకీ, మెకానికల్ ప్రాజెక్టుగా ఈ విషయం తీసుకున్న విద్యార్థులకీ. ఉదాహరణకు అమెరికన్ రైల్వేల సంఘం ఏఏఆర్ ప్రమాణాల్లోని టైప్ ఈ నకిల్ కప్లర్‌ను తీసుకుంటున్నాను. 1873లో ఎలై జానీ పేటెంట్ పొందిన కప్లర్ వంశంలోదే ఇది. సర్వీసులో ఉన్న బండి మీద ఏ మార్పూ సొంతంగా చెయ్యకండి. మార్పులన్నీ బెంచ్ మీద, నమూనా కప్లర్ మీద చెయ్యండి. నకిల్, అంటే తలలో తిరిగే కొక్కెం, ఒక్కటే దాదాపు 40 కిలోలు ఉంటుంది. అది తిరిగే దారిలో చెయ్యి పెట్టకండి.

తల లోపల ఏముందో ముందు చూడండి

కప్లర్‌ను విప్పి, భాగాలన్నీ వరసగా పేర్చుకోండి. వేళ్ళు ముడిచిన చెయ్యిలా కనిపించే తల, అందులో పిన్ను చుట్టూ తిరిగే నకిల్, నకిల్ తోక పక్కన పైనుంచి దిగే లాక్, నకిల్‌ను బయటికి తోసే త్రోయర్, లాక్‌ను ఎత్తే లివర్, దాన్ని బండి పక్క నుంచి తిప్పే అన్‌కప్లింగ్ రాడ్. ఇవే ముఖ్యం.

ఇప్పుడు లాక్‌ను చేత్తో ఎత్తి దించుతూ మూడు స్థితులు గమనించండి. పూర్తిగా కిందికి దిగినప్పుడు లాక్ నకిల్ తోకకూ తల లోపలి గోడకూ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు నకిల్ తెరుచుకోలేదు. కొంత ఎత్తి వదిలితే త్రోయర్ మీద ఆగి, తెరుచుకోవడానికి సిద్ధంగా నిలబడుతుంది, దీన్నే లాక్‌సెట్ అంటారు. ఇంకా ఎత్తితే త్రోయర్ కదిలి నకిల్‌ను బయటికి తోస్తుంది. రెండు బండ్లు ఢీకొన్నప్పుడు నకిల్ లోపలికి తిరుగుతుంది, తోక పక్కకు జరుగుతుంది, దాని మీద ఆగి ఉన్న లాక్ సొంత బరువుతో కిందికి పడుతుంది. స్ప్రింగ్ లేదు, గాలి ఒత్తిడి లేదు. పనంతా గురుత్వాకర్షణదే.

ఈ సరళత చాలా విలువైనది. మెరుగుపరిచే హడావుడిలో దాన్ని పోగొట్టుకోకండి. మీరు చేర్చే ఏ భాగం విరిగినా లాక్ తన బరువుతో దిగగలగాలి. ఇది మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి.

ఎందుకు విడిపోయిందో తేల్చుకోకుండా ఏదీ మార్చకండి

విడిపోయిన కప్లర్ దొరికితే కడిగేయకముందే చూడండి. లాక్ పక్క ముఖం మీద మెరిసే మచ్చ ఎక్కడుంది? అది ముఖం కింది అంచుకు దగ్గరగా సన్నని గీతలా ఉంటే, లాక్ పైకి లేచి అంచు మీదే బరువు మోసిందని అర్థం. ముఖమంతా పరుచుకుని ఉంటే సరిగ్గానే కూర్చుంది, కారణం వేరేచోట వెతకాలి.

నకిల్ ముక్కు అరిగిందేమో గేజ్ పెట్టి చూడండి. ముక్కు అరిగి, నకిల్ పిన్ను రంధ్రం పెరిగి, పిన్ను కూడా సన్నబడితే, ఒక్కోటీ పరిమితిలోనే ఉన్నా మూడూ కలిసి జతలో వదులు బాగా పెరుగుతుంది. రెండు నకిల్స్ మీద నిలువుగా ఉండే రాపిడి మచ్చల ఎత్తు కూడా కొలవండి. ఒకటి పైకీ ఇంకొకటి కిందికీ ఉంటే, ఆ జత లాక్ వల్ల విడిపోలేదు, ఒకదాని మీదుగా ఒకటి జారిపోయింది. అమెరికాలో పట్టా పైభాగం నుంచి కప్లర్ మధ్య గీత వరకు ఎత్తు 31½ నుంచి 34½ అంగుళాల లోపు ఉండాలి. అంటే నిబంధనలన్నీ పాటించిన రెండు బండ్ల మధ్య కూడా 3 అంగుళాల తేడా రావచ్చు. ఈ రోగానికి లాక్ మందు కాదు. ప్రమాదకర ద్రవాలు మోసే ట్యాంకర్లకు 1970ల్లో పైనా కిందా అరల్లాంటి అడ్డాలున్న కప్లర్లు వచ్చింది, పట్టాలు తప్పినప్పుడు కప్లర్ నిలువుగా జారి పక్క ట్యాంకు చివరను చీల్చకుండా ఉండటానికే.

అన్‌కప్లింగ్ రాడ్ వంగి ఉందా, దాని గొలుసో లింకో బిగుతుగా ఉందా అన్నది కూడా ఇప్పుడే రాసుకోండి. తర్వాత దాని సంగతి విడిగా చూద్దాం.

లాగే బలాన్ని లాక్ మీదకు రానివ్వకండి

మంచి నకిల్ కప్లర్‌లో ఇంజిన్ లాగే బలం లాక్ గుండా పోదు. పిన్ను గుండా కూడా పోదు. నకిల్ తోక పైనా కిందా పొడుచుకొచ్చి ఉన్న లగ్గులు తల లోపలి మెట్లకు ఆనుకుంటాయి, బలమంతా వాటి గుండా షాంక్‌లోకి, అంటే తల వెనక ఉన్న కాడలోకి పోతుంది. నకిల్ తెరుచుకోవాలని చేసే ప్రయత్నాన్ని ఆపడం వరకే లాక్ పని. ఆ పక్క ఒత్తిడి మొత్తం లాగుడుతో పోలిస్తే చిన్నది.

లగ్గుల్లో ఒకటి అరిగినా, పోతలో ఎగుడుదిగుడుగా వచ్చినా ఈ లెక్క తప్పుతుంది. పైలగ్గు ఆనుకుని కింది లగ్గు ఆనకపోతే నకిల్ కొంచెం వాలుతుంది, తోక లాక్ మీద ఒక మూల నుంచి నొక్కుతుంది. కాబట్టి లగ్గులకు మార్కింగ్ రంగు పూసి, నకిల్ బిగించి, లాగి, ఎక్కడ ఆనుతున్నాయో చూడండి. రెండు లగ్గుల మీదా మచ్చ దాదాపు సమానంగా పడాలి. పిన్ను లాగుడులో ఉన్నప్పుడు కూడా రంధ్రంలో కదలాలి. కదలకపోతే అది మోయకూడని బరువు మోస్తోంది.

షార్ఫెన్‌బర్గ్ కప్లర్ ఈ ఆలోచనను చివరి వరకూ తీసుకెళ్ళింది. అందులో ప్రతి తలలోనూ ఒక తిరిగే పళ్ళెం, దానికో లింకు ఉంటాయి. రెండు తలలూ కలిసినప్పుడు రెండు లింకులూ రెండు పళ్ళేలూ సమాంతర చతుర్భుజంగా ఏర్పడతాయి. ఎంత లాగినా బలం రెండు లింకుల్లో సమానంగా పంచుకుంటుంది, పళ్ళేన్ని తిప్పే మొమెంట్ మిగలదు. పళ్ళేన్ని అదే స్థితిలో ఉంచడానికి చిన్న స్ప్రింగులు చాలు. ప్రయాణికుల బండ్లలో అది ఎక్కువగా కనిపించడానికీ, 2021లో యూరప్ గూడ్సు బండ్ల డిజిటల్ ఆటోమేటిక్ కప్లర్‌కు అదే రకం తలను ఎంచుకోవడానికీ దీని పని తీరు ఓ కారణం. మీరు నకిల్ కప్లర్‌నే మెరుగుపరుస్తున్నా ఆ బొమ్మ గీసి ఎదురుగా పెట్టుకోండి. లాక్ మీద బలం ఎంత తక్కువ ఉంటే లాక్ అంత నమ్మకంగా పనిచేస్తుంది.

లాక్ ముఖాల వాలు లెక్క కట్టండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. ఇక్కడ కాగితం మీద చేసే అరగంట పని మిగతా ఎన్నో చిక్కులను ముందే తీర్చేస్తుంది.

లాక్ కిందికి పోయేకొద్దీ కొంచెం సన్నబడేలా చేస్తే ఒక లాభం ఉంది. ముఖాలు అరిగినప్పుడు లాక్ ఇంకొంచెం కిందికి దిగి ఖాళీని నింపుకుంటుంది. నష్టమూ ఉంది. రెండు పక్కల నుంచీ నొక్కితే అలాంటి దిమ్మ పైకి జారాలని చూస్తుంది. రెండు ముఖాల మధ్య మొత్తం కోణం ఘర్షణ కోణానికి రెట్టింపు కంటే తక్కువ ఉంటే అది జారదు.

ఉక్కు మీద ఉక్కుకు, కొంత నూనె తగిలిందనుకుని, ఘర్షణ గుణకం 0.1 తీసుకోండి. ఘర్షణ కోణం 5.7 డిగ్రీలు, రెట్టింపు 11.4 డిగ్రీలు. అంటే 10 డిగ్రీల కోణం కాగితం మీద నిలబడుతుంది. కానీ నిలబడిన చోటే కంపనం తగిలితే జారుతుంది. ముఖాలు ఒకదాని మీద ఒకటి వణుకుతున్నప్పుడు ఘర్షణను అంత నమ్మడానికి లేదు.

మరి 3 డిగ్రీలకు తగ్గిస్తే? ఘర్షణ గుణకం 0.026 ఉన్నా చాలు, లాక్ నిలుస్తుంది. కానీ ముఖాలు మొత్తం 1 మిల్లీమీటరు అరిగితే లాక్ 19 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. తల అడుగున అంత చోటు ఉంచకపోతే లాక్ అడుగుకు తగిలి ఆగిపోతుంది, ఆ తర్వాత ప్రతి అరుగుదలా నేరుగా వదులుగా మారుతుంది. 5 డిగ్రీల దగ్గర ఆ దిగుడు 11 మిల్లీమీటర్ల పైచిలుకు, కావలసిన ఘర్షణ గుణకం 0.044. నా మొగ్గు ఈ 5 డిగ్రీల వైపు, అదీ లాక్ తనంతట తాను లేవకుండా ఆపే యాంటీ క్రీప్ అడ్డం తప్పకుండా ఉన్నప్పుడే.

లాక్‌ను తలకిందులుగా, అంటే పైకి పోయేకొద్దీ సన్నబడేలా చేస్తే ఒత్తిడి దాన్ని కిందికే నెడుతుంది కదా అనిపిస్తుంది. నిజమే. కానీ అప్పుడు అరుగుదలను సర్దుకునే గుణం పోతుంది. పైగా జత లాగుడులో ఉన్నప్పుడు విడదీయడం ఇంకా కష్టమవుతుంది. మామూలు డిజైన్‌లో కూడా షంటింగ్ సిబ్బంది ఇంజిన్‌ను కాస్త వెనక్కి తోయించి, వదులు వచ్చాకే లాక్ ఎత్తుతారు. ఆ అలవాటు మంచిదే, దాన్ని అవసరానికి మించి బిగించకండి.

కుదుపులకు లేవకుండా చెయ్యండి

లాక్‌ను పట్టి ఉంచేది దాని బరువే అయినప్పుడు, తల కిందికి గురుత్వ త్వరణం కంటే వేగంగా కదిలిన ప్రతిసారీ లాక్ గాల్లో తేలుతుంది. సెకనుకు 12 సార్లు, పైకీ కిందికీ 2 మిల్లీమీటర్ల చొప్పున వణికే తలను ఊహించండి. త్వరణం 11.4 మీటర్లు ప్రతి సెకను వర్గానికి వస్తుంది. 9.8 దాటింది. చూడటానికి చాలా చిన్న వణుకే ఇది. పట్టాల అతుకుల మీద, అరిగిన చక్రాల మీద పోయే ఖాళీ వ్యాగన్‌కు ఇదేమీ వింత కాదు.

దీనికి పాత జవాబే ఇప్పటికీ మంచి జవాబు: యాంటీ క్రీప్. లాక్ మీదో, దాన్ని ఎత్తే టాగిల్ మీదో ఒక చిన్న మెట్టు ఉంటుంది. లాక్ తనంతట తాను లేవబోతే ఆ మెట్టు తల లోపలి అంచుకు తగిలి ఆపేస్తుంది. రాడ్ తిప్పి ఎత్తినప్పుడు మాత్రం టాగిల్ ముందు పక్కకు తిరిగి, మెట్టును అంచు కింద నుంచి తప్పించి, ఆ తర్వాతే లాక్‌ను ఎత్తుతుంది. ఆ వరస ముఖ్యం. మీ డిజైన్‌లో లివర్ కదలికను మెల్లగా, కొద్ది కొద్దిగా తిప్పుతూ గీయండి. మెట్టు తప్పుకోకముందే లాక్ కదలడం మొదలైతే, ప్రతి విడదీతలోనూ మెట్టు అంచు కొంచెం కొంచెం చెక్కుకుపోతుంది.

ఇక్కడ చాలామంది చూడని మెలిక ఒకటుంది. అరుగుదలను సర్దుకోవడానికి లాక్ కిందికి దిగిందంటే, మెట్టుకూ అంచుకూ మధ్య ఖాళీ కూడా అంతే పెరుగుతుంది. కొత్తలో 6 మిల్లీమీటర్లు ఉన్న ఖాళీ, 5 డిగ్రీల లాక్‌లో 1 మిల్లీమీటరు అరిగాక 17 దాటుతుంది. లాక్ లేవగలిగే చివరి ఎత్తు మారదు, నిజమే. కానీ అది స్వేచ్ఛగా ఎగిరే దూరం దాదాపు మూడింతలైంది, అంచుకు కొట్టుకునే దెబ్బ పెరిగింది. లేచినప్పుడు తోక పక్కన పడే సందు కూడా పెరిగింది. అందుకని మెట్టును కొత్త కొలతలతో ఒకసారి, అరుగుదల పరిమితికి చేరిన కొలతలతో ఒకసారి, రెండుసార్లు గీసి చూడండి. రెండో బొమ్మలో లాక్ పూర్తిగా లేచి మెట్టుకు ఆనినప్పుడు కూడా తోకను ఆపేటంత ముఖం మిగలాలి.

స్ప్రింగ్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. లాక్ బరువుకు సమానమైన బలంతో కిందికి నొక్కే స్ప్రింగ్ ఉంటే, తేలడానికి కావలసిన త్వరణం రెట్టింపవుతుంది. దెబ్బలూ తగ్గుతాయి. అయితే రాడ్ తిప్పడానికి కావలసిన శ్రమ పెరుగుతుంది. స్ప్రింగ్ విరిగితే దాని ముక్క లాక్ దారిలో పడకూడదు కాబట్టి దాన్ని మూసిన గూట్లో పెట్టాలి. యాంటీ క్రీప్‌కు తోడుగా మాత్రమే స్ప్రింగ్‌ను వాడండి, దానికి బదులుగా వాడకండి.

సోవియట్ రైల్వేల్లో వచ్చిన ఎస్ఏ‑3 కప్లర్ ఇదే సమస్యను ఇంకోలా తీర్చింది. అందులో తిరిగే నకిల్ లేదు. పక్కకు జారే లాక్‌కు వెనకాల ఒక పావల్, అంటే అడ్డు పడే మీట ఉంటుంది. రెండు తలలూ కలిసి ఉన్నంతసేపూ అది లాక్‌ను వెనక్కి పోనివ్వదు. జత ఉండటమే లాక్‌కు కాపలా. మీ డిజైన్‌లో కూడా ఎదుటి నకిల్ ఉనికినే అడ్డంగా వాడుకునే మార్గం ఉందేమో ఆలోచించండి.

అన్‌కప్లింగ్ రాడ్‌కు తగినంత వదులు ఇవ్వండి

యాంటీ క్రీప్ ఆపలేనిది ఒకటే, రాడ్ గుండా వచ్చే లాగుడు. ఎందుకంటే రాడ్ కదిలితే మనిషే విడదీస్తున్నాడని యంత్రం అనుకుంటుంది.

బండి లాగుడులో ఉన్నప్పుడు, కప్లర్ వెనక కుదుపులను మింగే డ్రాఫ్ట్ గేర్ నొక్కుకుని కప్లర్ తల ముందుకు వస్తుంది. మామూలు డ్రాఫ్ట్ గేర్‌కు ఆ ప్రయాణం 83 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. వంపులో తల పక్కకు తిరుగుతుంది. తిరిగే బిందువు నుంచి లివర్ వరకు 700 మిల్లీమీటర్లు, వంపులో 10 డిగ్రీలు అనుకుంటే, పక్క జరుగుడు 120 మిల్లీమీటర్ల పైన. ఈ రెండూ, నిలువు కదలికా ఒకేసారి వచ్చే మూలను పట్టుకుని రాడ్ పొడవు చూడండి. బోగీ నిలబడి ఉన్న తిన్నని పట్టా మీద కొలిచిన వదులు సరిపోదు. మీది దూరం ప్రయాణించే కుషన్ పరికరం ఉన్న వ్యాగన్ అయితే మామూలు రాడ్ అసలు కుదరదు, పొడవు సాగే టెలిస్కోపిక్ రాడ్ కావాలి.

రాడ్ సొంత బరువుతో ఎప్పుడూ మూసిన స్థితి వైపే వాలాలి. తిప్పి వదిలేస్తే సగంలో నిలబడిపోయే రాడ్‌ను ఒప్పుకోకండి.

మురికి, మంచు, గ్రీజు

లాక్ గదిలో అడుగున పేరుకున్న బొగ్గుపొడి, ఇసుక, మంచు లాక్‌ను పూర్తిగా దిగనివ్వవు. అడుగు రంధ్రాన్ని వీలైనంత పెద్దది చెయ్యండి, లోపల అడ్డంగా ఉన్న సమతల అంచులను వాలుగా మార్చండి, పడిందల్లా జారిపోవాలి. నూనె, గ్రీజు తల లోపల వెయ్యకండి. అవి మురికిని పట్టి జిగురు పిండిలా తయారవుతాయి, చలిలో గడ్డ కడతాయి. లూబ్రికెంట్ తప్పదనుకుంటే పొడి గ్రాఫైట్ వాడండి. తల లోపల రంగు కూడా వెయ్యొద్దు.

లాక్ ఎక్కడుందో బయటికి చూపించండి

నకిల్ మూసుకుంది అంటే లాక్ పడింది అని కాదు. సగం దిగిన లాక్‌తో జత నెమ్మదిగా లాగితే ఆగుతుంది, మొదటి గట్టి కుదుపుకు విడిపోతుంది. అన్ని లోపాల్లోకీ ప్రమాదకరమైనది నా లెక్కలో ఇదే, ఎందుకంటే అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది.

అందుకే గుర్తు లాక్‌కే ఉండాలి. టైప్ ఈ తలల్లో అడుగున లాక్ లిఫ్ట్ (లాక్‌ను ఎత్తే భాగం) కనిపించే చోటు చూసి అది పూర్తిగా దిగిందో లేదో చెప్పొచ్చు. ఎస్ఏ‑3లో లాక్ నుంచి వచ్చే ఒక కొమ్మకు ఎరుపు రంగు వేస్తారు. ఎరుపు బయటికి కనిపిస్తే లాక్ పడలేదని అర్థం. టార్చి వేసుకుని బండి పక్కన నడుస్తున్న మనిషికి, వంగకుండానే కనిపించే చోట మీ గుర్తు పెట్టండి. సెన్సార్ పెడితే అది లాక్ చివరి కొన్ని మిల్లీమీటర్ల స్థానాన్ని చదవాలి, నకిల్ మూతను కాదు. వైరు తెగితే ‘పడలేదు’ అనే చూపించాలి.

ఉక్కు గురించి కొద్దిగా

ఏఏఆర్ గ్రేడ్ ఈ పోత ఉక్కుకు కనీస తన్యత బలం (లాగుడును తట్టుకునే బలం) 120 కేఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 120 వేల పౌండ్లు, సుమారు 827 మెగాపాస్కల్స్, సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పగుళ్ళను తట్టుకునే పరీక్ష ఉంటుంది. ఈ తరగతిలో నకిల్ 650,000 పౌండ్ల లాగుడుకు, తల 900,000 పౌండ్లకు నిలబడాలి. ఆ తేడా కావాలని పెట్టిందే. ఏదో ఒకటి విరగాల్సి వస్తే దారిలోనే మార్చగలిగిన నకిల్ విరగాలి. మీరు నకిల్‌ను బలపరిస్తే ఈ వరస తలకిందులవుతుందేమో చూసుకోండి. వేడి చేసి చల్లార్చి బలం తెచ్చిన ఈ పోతల మీద అరిగిన చోట వెల్డింగ్‌తో నింపకండి, ఆ పక్కనే పెళుసుదనం వస్తుంది. మూలలకు మంచి రేడియస్ ఇవ్వండి.

పరీక్షించే వరస

ముందు గేజ్‌లు. ఎదుటి కప్లర్‌తో కలిసే బయటి ఆకారాన్ని మీరు ముట్టుకోకూడదు. పాత కప్లర్లన్నిటితో కలవని కప్లర్ ఎంత గొప్పదైనా పనికిరాదు.

తర్వాత చేతి పరీక్షలు. నకిల్‌ను మెల్లగా తోసి మూయండి, లాక్ ప్రతిసారీ పూర్తిగా పడాలి. తలను పక్కకు, కిందికి వాల్చి మళ్ళీ చూడండి. కింది నుంచి కడ్డీ పెట్టి లాక్‌ను పైకి ఎత్తడానికి ప్రయత్నించండి, యాంటీ క్రీప్ ఆపాలి. లాక్‌సెట్ స్థితిలో ఉంచి తలను సుత్తితో తట్టండి, పడిపోకూడదు. ఇవన్నీ కొత్త భాగాలతో ఒకసారి, పరిమితి వరకు అరిగేలా మెషిన్ చేసిన భాగాలతో ఇంకోసారి చెయ్యండి. కొత్త లాక్‌ను అరిగిన నకిల్‌తో కలిపి కూడా చూడండి, సర్వీసులో ఎక్కువగా ఎదురయ్యేది ఆ జతే.

ఆ తర్వాత కంపన బల్ల. తక్కువ వేగం నుంచి మొదలుపెట్టి ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోండి, లాక్ కదలికను డిస్‌ప్లేస్‌మెంట్ సెన్సార్‌తో రికార్డు చెయ్యండి. అరుగుదల పరిమితి కొలతలతో గీసిన రెండో బొమ్మలోని అంకెలతో పోల్చండి. ఇసుక పోసి, తడిపి, గడ్డకట్టించి లాక్ పడే పరీక్ష మళ్ళీ చెయ్యండి. నడక వేగంతో రెండు బండ్లను కలిపి, కలిసిన ప్రతిసారీ గుర్తు చూసి, ఆపై వెనక్కి లాగి నిర్ధారించుకోండి. చివరగా ఎక్కువ వంపున్న పట్టా మీద రాడ్ వదులును కొలవండి.

ఇవన్నీ దాటిన నమూనాను ఫీల్డ్ ట్రయల్‌కు పంపేటప్పుడు దాంతో పాటు అరుగుదల పరిమితులు రాసిన గేజ్‌ను, సగం పడిన లాక్ ఎలా కనిపిస్తుందో చూపే ఫోటోను కూడా తనిఖీ సిబ్బందికి ఇవ్వండి. లాక్ ముఖం, మెట్టు అంచు, అడుగు ఖాళీ, ఈ మూడు కొలతలూ ప్రతి తనిఖీలో రాయించండి. వాటిలో మొదట వేగంగా మారేది ఏదో, మీ తర్వాతి మార్పు అక్కడ మొదలవ్వాలి.